ముందు ఆ ఆకుపచ్చ ఫ్యూజు పీకెయ్, తమ్ముడూ

ప్రశ్న: అన్నా, మాది పలమనేరు దగ్గర పల్లె. ఏడాదిన్నర కింద మహీంద్రా థార్ జీపు తీసుకున్నాను. ఆదివారాలు స్నేహితులతో కలిసి చెరువు కట్టల వెంబడి, ఏటి ఇసుకలో తిరగడం అలవాటైంది. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి తగ్గించుకుంటాం. బయటికొచ్చాక నింపుకోవడానికి ఆన్‌లైన్లో రెండున్నర వేలు పెట్టి చిన్న కంప్రెసర్ కొన్నాను. సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలిస్తే రెండో టైరు నిండకముందే ఫ్యూజు పోతా ఉండింది. మాకు తెలిసిన మెకానిక్ 15 ఆంప్స్ నీలం ఫ్యూజు తీసి 30 ఆంప్స్ ఆకుపచ్చది వేసిచ్చాడు. ఇప్పుడు ఫ్యూజు పోవడం లేదు గానీ సాకెట్ దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోంది. మంచి కంప్రెసర్ కొని వెనక డిక్కీలో బిగించుకోవాలని ఉంది. ఏది కొనాలి? వైరింగ్ ఎట్లా చేయించాలి? దానితో మా ట్రాక్టర్ టైర్లకు కూడా గాలి పట్టుకోవచ్చా?

జవాబు:

తమ్ముడూ, కంప్రెసర్ సంగతి తర్వాత. ఇక్కడితో చదవడం ఆపి బండి దగ్గరికి పో. ఫ్యూజు పెట్టె తెరిచి ఆ ఆకుపచ్చ ఫ్యూజు పీకెయ్. ఆ తర్వాత సాకెట్ వెనక్కి చెయ్యి పెట్టి తీగలు చూడు. తొడుగు గట్టిపడి, నల్లబడి, వంచితే చిట్లుతా ఉంటే అక్కడ నీలం ఫ్యూజు కూడా పెట్టొద్దు. ఆ గడి ఖాళీగానే వదిలెయ్. సాకెట్టూ తీగా మార్పించినాకే మళ్లీ 15 పెట్టు. అంతవరకు ఫోను చార్జింగ్ లేకపోతే వచ్చే నష్టమేమీ లేదు.

ఇంత తొందర ఎందుకంటే, ఫ్యూజు ఉండేది కంప్రెసర్‌ను కాపాడేదానికి కాదు. తీగను కాపాడేదానికి. ఆ గడిలో కంపెనీ 15 పెట్టిందంటే, డ్యాష్‌బోర్డు లోపల సాకెట్ దాకా పోయే ఆ సన్న తీగకు అంతకంటే ఎక్కువ పనికిరాదని లెక్క కట్టి పెట్టింది. నీ మెకానిక్ ఫ్యూజు మార్చాడు, తీగ మార్చలేదు. ఇప్పుడు ఆ దోవలో అన్నిటికంటే బలహీనమైంది తీగే. అంటే తీగే ఫ్యూజు అయిపోయింది. అది తెగేది పెట్టెలో కాదు, నీ మోకాళ్ల ముందు, ప్లాస్టిక్, స్పాంజీ నడుమ. పైగా తీగలో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. 15 దగ్గర గోరువెచ్చగా ఉన్న తీగ 30 దగ్గర కాలుతుంది. నీకొచ్చిన వాసన అదే.

ఈ మాట గట్టిగా చెప్పడానికి నా చెయ్యే కారణం. చాలా ఏళ్ల కింద నా పాత జీపులో నేనే వైరింగ్ చేసుకున్నాను. బ్యాటరీ నుంచి వెనక సీటు దాకా పాజిటివ్ తీగ లాగి, ఫ్యూజు తెచ్చి కంప్రెసర్ పక్కన పెట్టాను. ఫ్యూజు ఉంది కదా, ఇంకేం అనుకున్నాను. ఇంజను గదికీ క్యాబిన్‌కూ మధ్య రేకులో తీగ దూరే చోట రబ్బరు గ్రామెట్, అంటే తీగ కోసుకుపోకుండా రంధ్రానికి తొడిగే వలయం, వేయలేదు. శ్రీకాళహస్తి దాటాక స్వర్ణముఖి ఇసుకలో ఎగిరెగిరి పడతా పోతుంటే, ఆ రేకు అంచు తీగను కొంచెం కొంచెంగా కోసేసింది. రాగి బాడీకి తగిలింది. కంప్రెసర్ ఆపేసే ఉంది. ఫ్యూజు చెక్కుచెదరకుండా ఉంది. ఎందుకంటే షార్టైన చోటు ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్యలో ఉంది. బ్యాటరీలో ఉన్న శక్తంతా ఆ తీగలోకే దిగింది. బానెట్ ఎత్తి కాలుతున్న తీగను చేత్తో లాగి తెంచాను. అరచేతిలో మచ్చ ఇప్పటికీ ఉంది. పక్కన కూర్చున్నది మా చిన్నోడు. వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు.

కాబట్టి నువ్వు ఏ కంప్రెసర్ కొన్నా సరే, ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ బుడిపెకు జానెడు దూరంలోపు ఉండాలి. జానెడు కంటే తగ్గితే ఇంకా మంచిది. ఇది ఒక్కటి ఒప్పుకోని ఎలక్ట్రీషియన్ దగ్గర బండి పెట్టొద్దు.

ఇక కొనే సంగతి. అంగట్లో గానీ ఆన్‌లైన్లో గానీ డబ్బా మీద పెద్ద అక్షరాలతో 150 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని వేసి ఉంటుంది. దాన్ని పట్టించుకోవద్దు. నీ టైరుకు కావాల్సింది ముప్పై చిల్లర. సైకిల్ పంపు కూడా అంత ఒత్తిడి ఇస్తుంది. నువ్వు చూడాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి తోస్తుంది, ఎన్ని ఆంప్స్ లాగుతుంది, ఆపకుండా ఎంతసేపు తిరగగలదు అన్న మూడు అంకెలు.

లీటర్ల లెక్క చూద్దాం. థార్‌కు వచ్చే 18 అంగుళాల టైరు, 255/65 సైజుది అనుకుంటే లోపల సుమారు 65 లీటర్ల చోటు ఉంటుంది. ఇసుక కోసం 18 పీఎస్ఐకి దించావు, రోడ్డెక్కేముందు 32కు తేవాలి. అంటే 14 పీఎస్ఐ ఎక్కించాలి. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి 14.7 పీఎస్ఐ కాబట్టి, ఒక్కో టైరుకు బయటి గాలి 62 లీటర్లు పీల్చి లోపలికి తోయాలి. నాలుగింటికి 250 లీటర్లు. నీ చిన్న కంప్రెసర్ మీద 35 లీటర్లు అని ఉన్నా, అది పైపు గాల్లో వదిలేసి కొలిచిన అంకె. టైరులోని ఒత్తిడికి ఎదురు తోసేటప్పుడు 20 వస్తే గొప్ప. అంటే పన్నెండు పదమూడు నిమిషాలు ఎడతెగకుండా తిరగాలి. ఆ రకాలు చాలావాటికి పది నిమిషాలు తిరిగితే పది, పదిహేను నిమిషాలు విశ్రాంతి ఇవ్వమని పుస్తకంలోనే రాసి ఉంటుంది. పైగా మన ఎండలు చూడు. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, నల్లటి ఇసుక నేల మీద పెట్టిన మోటారుకు విశ్రాంతి అంటే వేడి తగ్గడమే, అది తగ్గదు. నిమిషానికి 60, 70 లీటర్లు ఇచ్చే లోహపు ఒంటి సిలిండర్ యంత్రమైతే నీకు చాలు. ఆరేడు నిమిషాల్లో నాలుగు టైర్లూ అవుతాయి. జంట సిలిండర్లవి ఇంకా త్వరగా చేస్తాయి గానీ, ముగ్గురు నలుగురి బండ్లు వరుసగా నింపే పని ఉంటే తప్ప నీకు ఆ ఖర్చు దండగ. ఎప్పుడో పంక్చరైనప్పుడు స్టెప్నీకి గాలి పట్టుకునేవాళ్లకు నీ దగ్గరున్న చిన్నదే సరిపోతుంది. అందుకని దాన్ని పారేయొద్దు, సాకెట్ బాగయ్యాక ఇంట్లో వాళ్ల స్కూటర్‌కు, కారుకు వాడుకోండి.

వాట్లు చూసి అబద్ధం పట్టుకోవడం సులువు. వాట్లను 12తో భాగిస్తే ఆంప్స్. డబ్బా మీద 260 వాట్లని వేసి, చివర సిగరెట్ లైటర్ ప్లగ్గు ఇచ్చారంటే, అది దాదాపు 22 ఆంప్స్ లాగాలి. 15 ఫ్యూజు మీద అది ఎక్కువసేపు నడవదు. ఆ వాట్లన్నా అబద్ధం కావాలి, ఆ ప్లగ్గన్నా తప్పు కావాలి. ఇంకో మాట, ఎడతెగని లోడు ఫ్యూజు అంకెలో 80 శాతం లోపు ఉండాలని మా పనివాళ్ల లెక్క. 15 ఫ్యూజుకు 12 ఆంప్స్ అన్నమాట. టైరులో ఒత్తిడి పెరిగేకొద్దీ మోటారు మీద బరువు పెరిగి ఆంప్స్ పెరుగుతాయి, ఫ్యూజూ దాని గడీ అప్పటికే వేడెక్కి ఉంటాయి. నీకు మొదటి టైరుకు పోకుండా రెండో టైరుకు పోయింది అందుకే. దాని పని అది సరిగ్గానే చేసింది తమ్ముడూ.

కొనేటప్పుడు బ్యాటరీకి నేరుగా తగిలించే క్రొకడైల్ క్లిప్పులతో వచ్చేదే కొను. గాలి బయటికొచ్చే చోట మొదటి మూర పైపు స్టీలు అల్లికతో ఉందేమో చూడు. సిలిండర్ తల వేడికి ఉత్త రబ్బరు పైపైతే మెత్తబడి ఊడిపోతుంది. వేడెక్కితే తానే ఆగిపోయే కటాఫ్ ఉండాలి. గాలి ఫిల్టర్ విప్పి దులిపేదిగా ఉండాలి, మన దుమ్ముకు అది చాలా అవసరం. టైరు వాల్వుకు మరతో బిగించే మూతి కంటే నొక్కి పట్టే క్లిప్పు మేలు. మర విప్పేటప్పుడు కొంత గాలి బుస్సుమని పోతుంది. కంప్రెసర్ మీద ఉన్న మీటర్ తిరుగుతున్నప్పుడు ఎక్కువ చూపిస్తుంది, ఆపి చూడాలి. చేతిలో పట్టుకునే గేజ్ ఒకటి విడిగా ఉంచుకో.

డిక్కీలో బిగించాలన్న కోరిక మాత్రం మానుకో అని నా సలహా. దీనికి లెక్క ఉంది. 30 ఆంప్స్ లాగే కంప్రెసర్ అనుకో. బ్యాటరీ నుంచి డిక్కీకి తీగ వంపులు తిరిగి పోతే అయిదు మీటర్లు, రానూ పోనూ పది. ఇంటి ప్లగ్గులకు వాడే 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల మందం) రాగి తీగ వేస్తే దోవలోనే 2.4 ఓల్టులు పోతాయి. ఇంజను తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 ఉంటే కంప్రెసర్‌కు అందేది 11.4. మోటారు మూలుగుతుంది, గాలి తక్కువ తోస్తుంది, ఎక్కువసేపు తిరిగి ఎక్కువ వేడెక్కుతుంది. 6 స్క్వేర్ వేసినా 1 ఓల్టు పోతుంది. 10 స్క్వేర్ వేస్తే 0.6కు దిగుతుంది, కానీ ఆ తీగ ఖరీదు, దాన్ని కార్పెట్ కింద దూర్చే పని చూసుకో. అదే బానెట్ కింద మీటరు దూరంలో ప్లగ్గు పెట్టుకుంటే 6 స్క్వేర్‌లో పోయేది 0.2 ఓల్టే.

అట్లయితే వెనక టైర్లకు ఎట్లా అందుతుందంటావా? గాలి పైపు పొడుగ్గా పెట్టుకో. ఏడెనిమిది మీటర్ల స్ప్రింగు పైపుతో స్టెప్నీ దాకా అందుతుంది. కరెంటుకు తీగ పొడుగైతే నష్టం, గాలికి పైపు పొడుగైతే చెప్పుకోదగ్గ నష్టం లేదు. కంప్రెసర్‌ను సంచిలో పెట్టి సీటు వెనక పడేసుకో, పని పడినప్పుడు ముందుకు తెచ్చి నీడలో పెట్టి తగిలించు. విడిగా ఉంటే స్నేహితుడి బండికీ పనికొస్తుంది. ఏటి నీళ్లలో దిగినా మోటారు తడవదు.

వైరింగ్ ఇట్లా చేయించు. కంప్రెసర్ లాగేది 30 ఆంప్స్ లోపైతే 6 స్క్వేర్ మెత్తటి రాగి తీగ, 40 ఆంప్స్ ఫ్యూజు. 45 దాకా లాగేదైతే 10 స్క్వేర్, 60 ఫ్యూజు. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు, అక్కడి నుంచి గ్రిల్ వెనక భాగానికో, బానెట్ గొళ్లెం పక్కకో తెచ్చి 50 ఆంప్స్ ఆండర్సన్ ప్లగ్గు (ఎక్కువ కరెంటుకు వాడే, రెండు సగాలుగా ఉండే ప్లగ్గు). కంప్రెసర్ వైపు క్లిప్పులు కోసేసి అదే ప్లగ్గు రెండో సగం. క్లిప్పులు పనిచేయక కాదు. మసక చీకట్లో ఎర్రది నల్లదానికి పట్టించడం, ఊగి జారి బాడీకి తగలడం నేను చూశాను. ఆండర్సన్ ప్లగ్గు తిరగేసి పట్టదు. దాని మూతికి రబ్బరు మూత తప్పకుండా పెట్టు, అందులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఈ పద్ధతిలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చి) అక్కర్లేదు, కంప్రెసర్ మీద ఉన్న స్విచ్చి చాలు. రిలే అవసరమయ్యేది శాశ్వతంగా బిగించి డ్యాష్‌బోర్డు నుంచి నొక్కాలనుకున్నప్పుడే. అప్పుడు 30వ నంబరు కాలికి ఫ్యూజు దాటిన పాజిటివ్, 87కు కంప్రెసర్, 86కు తాళం తిప్పితే వచ్చే కరెంటు స్విచ్చి గుండా, 85కు ఎర్త్.

నెగటివ్ దగ్గర ఒక మెలిక ఉంది. కొత్త బండ్లలో చాలావాటికి బ్యాటరీ నెగటివ్ బుడిపె మీద చిన్న డబ్బీ, దానికో సన్న తీగ ఉంటుంది. అది బ్యాటరీలోకి వచ్చేదీ పోయేదీ లెక్కపెట్టే సెన్సర్. నీ నెగటివ్‌ను నేరుగా బుడిపెకు బిగిస్తే కంప్రెసర్ తాగిన కరెంటు దాని లెక్కలోకి రాదు. సిగ్నల్ దగ్గర ఇంజను తానే ఆగే ఏర్పాటు ఉన్న బండైతే దాని అంచనా తప్పుతుంది. బ్యాటరీ నెగటివ్ కేబుల్ పోయి బాడీకి బిగిసే బోల్టు ఉంటుంది చూడు, అక్కడ ఎర్త్ పెట్టించు. రంగు గీకి, రేకు మెరిసేదాకా చేసి బిగించాలి.

తీగ కొనేటప్పుడు కొన గీకి చూడు. లోపల తెల్లగా వస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వద్దను. లగ్గులు, అంటే తీగ కొనకు వేసే లోహపు బిళ్లలు, సుత్తితో కొట్టి అతికించేవాళ్లు ఉన్నారు, కటింగ్ ప్లేయరుతో నొక్కేవాళ్లు ఉన్నారు. రెండూ వద్దు. బ్యాటరీ అంగళ్లలో కేబుళ్లకు లగ్గులు వేసే క్రింపింగ్ యంత్రం ఉంటుంది. కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టుకున్న ప్రాంతం మనది, తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఆ పని చేసేవాళ్లకు కొదవ లేదు. టంకం పోయించొద్దు. టంకం పాకిన చోట తీగ పుల్లలాగా గట్టిపడి, బండి అదురుకు అక్కడే విరుగుతుంది. తీగ పొడుగునా ముడతల గొట్టం తొడిగించు, సైలెన్సర్ వైపు పోనీయొద్దు, రేకు దాటే ప్రతి చోటా గ్రామెట్ వేయించు. కంపెనీ వైరింగ్ ఎక్కడా కోయకుండా, దానికి అతుకు వేయకుండా ఇదంతా విడిగా ఉండాలి. వారంటీ గొడవ రాకుండా ఉండాలన్నా ఇదే దోవ. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ విప్పాలి, అంతా అయ్యాక చివర్న బిగించాలి.

అయినాక పరీక్ష ఒకటి. ఇంజను తిరుగుతుండగా కంప్రెసర్ ఆన్ చేసి ఒక టైరు నింపు. బ్యాటరీ బుడిపెల మధ్య ఓల్టులు చూడు, తర్వాత కంప్రెసర్ వైపు ప్లగ్గు దగ్గర చూడు. తేడా అర ఓల్టు మించకూడదు. అయిదు నిమిషాల తర్వాత ప్రతి అతుకునూ వేలితో తాకు. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడుంటే ఆ అతుకు మళ్లీ వేయించు. గాలి పట్టేటప్పుడు ఇంజను ఎప్పుడూ నడుస్తుండాలి, లేకపోతే ఏటి నడుమ సెల్ఫ్ కొట్టదు. మూసిన షెడ్డులో మాత్రం ఇంజను నడపొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

గాలి విషయం కొంచెం. ఇసుకకు 18 చాలు. 15 కంటే దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. తగ్గించిన గాలితో తారు రోడ్డెక్కి వేగంగా పోవద్దు, టైరు పక్క గోడలు లోపలే వేడెక్కి చిట్లుతాయి. ఇసుకలో తిరిగిన టైరు వేడిగా ఉంటుంది. అయిదారు డిగ్రీల వేడికి ఒక పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, మరుసటి రోజు పొద్దున్నే చల్లటి టైరుకు మళ్లీ చూసి, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత చేసుకో.

నువ్వు అడగకపోయినా ఒకటి చెప్పాలి. చెరువు కట్ట మీద బండి తిప్పొద్దు. ఆ మట్టి కుంగితే కింద ఆయకట్టు రైతుకు నష్టం. మీ పలమనేరు పక్క కౌండిన్య అడవి ఏనుగులది, ఇటు శేషాచలం ఉంది. అడవిలోకి దోవ కనబడినంత మాత్రాన దూరొద్దు. ఊరి ఇసుకా బీడు భూములూ అడిగి తిరగడానికి చాలు.

ట్రాక్టర్ విషయం. పట్టుకోవచ్చు. ముందు టైర్లకు ఇబ్బందే లేదు. 13.6-28 లాంటి వెనక టైరులో మాత్రం చోటు నీ థార్ టైరుకు నాలుగింతలు ఉంటుంది. కాబట్టి తగ్గిన గాలి సరిచేసుకోవడానికి వాడు, ఖాళీ టైరు మొత్తం నింపడానికి కాదు. ట్రాక్టర్ బ్యాటరీ 12 ఓల్టులే, తగిలించవచ్చు. మామిడి లోడుకు వచ్చే లారీ బ్యాటరీకి మాత్రం ఎప్పుడూ తగిలించొద్దు. అక్కడ రెండు బ్యాటరీలు కలిపి 24 ఓల్టులు ఉంటాయి, మోటారు నిమిషాల్లో కాలిపోతుంది.

సాకెట్ వెనక తీగ ఎట్లా ఉందో చూసి నాకు రాయి. నల్లబడి ఉంటే అది ఏ జాయింటు దాకా పాకిందో కూడా చూడమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పు, అక్కడి దాకా మార్పించాల్సి ఉంటుంది.